ల్యాప్‌టాప్, కెమెరా రెండూ ఒకే బ్యాగులో రోజూ మోయాలా? కొనే ముందు ఇవి చూసుకోండి

కెమెరా కొనాలంటే నెల రోజులు రివ్యూలు చూస్తాం. ఆటోఫోకస్ ఎలా ఉంది, తక్కువ వెలుతురులో నాయిస్ ఎంత వస్తోంది అని నలుగురినీ అడుగుతాం. ల్యాప్‌టాప్ విషయంలోనూ అంతే. ఒక్క ర్యామ్ స్లాట్ గురించి గంటల కొద్దీ వాదించుకుంటాం. బ్యాగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ల్యాప్‌టాప్‌తో ఫ్రీగా వచ్చినదాన్నే భుజానికి తగిలించుకుని బయల్దేరతాం. లక్షన్నర విలువ చేసే సామాను, అందులో సగం ఇంకా ఈఎంఐల్లోనే ఉన్నది, ఆ పల్చటి స్పాంజిని నమ్ముకుని కాజీపేట స్టేషన్ మెట్లెక్కుతుంది.

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఈ జంట బరువు మోసేవాళ్లు బాగానే కనిపిస్తారు. నిట్‌లోనో కాకతీయ యూనివర్సిటీలోనో చదువుతూ ఆదివారాలు కెమెరా పట్టుకునేవాళ్లు, మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం చేస్తూ యూట్యూబ్ ఛానల్ నడిపేవాళ్లు, ముహూర్తాలున్న రోజుల్లో పెళ్లి షూట్‌కీ లేని రోజుల్లో ఎడిటింగ్‌కీ వెళ్లేవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: రోజూ వాడుకోవడానికి ఒక్క బ్యాగు సరిపోతుందా, రెండు కొనాలా?

మా జవాబు ముందే చెప్పేస్తాం. మీది ఒక కెమెరా, రెండు లెన్సులు, ఒక ల్యాప్‌టాప్ అయితే మీకు కెమెరా బ్యాగు అక్కర్లేదు. గట్టి ల్యాప్‌టాప్ బ్యాక్‌ప్యాక్ ఒకటి, దాని లోపల పెట్టుకునే కెమెరా ఇన్సర్ట్ ఒకటి కొనండి. మిగిలిన డబ్బు దాచుకోండి. పెళ్లి షూట్లకు పూర్తి కిట్ మోసేవాళ్ల లెక్క వేరు, దాని గురించి కింద విడిగా చెప్పాం.

ముందు తూకం, తర్వాత బ్యాగు

బ్యాగుల పేజీలు తెరవకముందు ఇంట్లో ఒక పని చేయండి. మీరు మామూలుగా మోసే వస్తువులన్నీ మంచం మీద పరచి, వంటింటి తూకం మీద ఒక్కొక్కటీ పెట్టి చూడండి. ఫలితం మీరు అనుకున్నట్టు ఉండదు.

ఉదాహరణకు కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో ఎక్కువగా కనిపించే క్యానన్ 1500డీ తీసుకుందాం. బ్యాటరీ, కార్డుతో కలిపి బాడీ 475 గ్రాములు. దాంతో వచ్చే 18-55 కిట్ లెన్సు 200 గ్రాములు. 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్టీఎం లెన్సు 160 గ్రాములు. మొత్తం 835 గ్రాములు. అంటే మీ లీటరు మంచినీళ్ల బాటిల్ కంటే మీ కెమెరా కిట్ తేలిక! 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం2 అయితే 1.24 కిలోలు. అదే 15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే రెండు కిలోలు దాటుతుంది. దాని ఇటుకలాంటి అడాప్టర్ మరో అర కిలో పైనే. బరువు తగ్గించుకోవాలనుకునేవాళ్లు తేలికైన లెన్సు కోసం వెతికే ముందు ఆ అడాప్టర్ వైపు, ఆ నీళ్ల బాటిల్ వైపు చూడాలి. ఆఫీసులో ఒక అడాప్టర్, రూములో ఒకటి పెట్టుకుంటే రోజూ అర కిలో తగ్గినట్టే.

బ్యాగు సొంత బరువు కూడా ఇందులో కలపండి. మామూలు ల్యాప్‌టాప్ బ్యాక్‌ప్యాక్ ఖాళీగా ముప్పావు కిలో అటూ ఇటూ ఉంటుంది. చుట్టూ మందపాటి గోడలున్న కెమెరా బ్యాక్‌ప్యాక్ కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా ఉంటుంది. మన దేశంలో 2020లో వచ్చిన స్కూల్ బ్యాగు విధానం ప్రకారం పిల్లల బ్యాగు వాళ్ల బరువులో పదో వంతు మించకూడదు. అది పిల్లల కోసం పెట్టిన లెక్కే అయినా మనకూ ఒక గుర్తుగా పనికొస్తుంది. 60 కిలోల మనిషికి ఆరు కిలోలు. పై కిట్‌కి బ్యాగు, చార్జర్, బాటిల్ అన్నీ కలిపినా నాలుగు కిలోల పైచిలుకే. హాయిగా మోయొచ్చు. గేమింగ్ ల్యాప్‌టాప్ పెట్టి, కెమెరా బ్యాగు తీసుకుంటే మాత్రం గీత దగ్గరికి వచ్చేస్తారు.

ఇక సైజు. 15.6 అంగుళాలు అనేది స్క్రీన్ మూల నుంచి మూలకు కొలత. ల్యాప్‌టాప్ వెడల్పు కాదు. బ్యాగు మీద '15.6 వరకు' అని రాసున్నా మందంగా ఉన్న గేమింగ్ మోడళ్లు ఇరుక్కుంటాయి. కాబట్టి మీ ల్యాప్‌టాప్ పొడవు, వెడల్పు, మందం టేపుతో కొలిచి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. కుదిరితే ల్యాప్‌టాప్‌నే దుకాణానికి పట్టుకెళ్లండి. ఈ పనికి 20 నుంచి 25 లీటర్ల బ్యాగు చాలు. 35 లీటర్లది కొంటే అందులో ఖాళీ ఉంది కదా అని చొక్కాలు, పుస్తకాలు, నిన్నటి టిఫిన్ బాక్సు కూడా చేరతాయి.

కెమెరా బ్యాగు ఎందుకు వద్దంటున్నాం

కెమెరా బ్యాగులు చెడ్డవని కాదు. లోప్రో, మాన్‌ఫ్రోటో, వ్యాన్‌గార్డ్ లాంటి కంపెనీలు ఏళ్లుగా మంచి బ్యాగులు చేస్తున్నాయి. చిక్కు ఎక్కడంటే, వాటిలో స్థలమంతా కెమెరా కోసమే కోసి పెట్టి ఉంటుంది. కెమెరా తీసుకెళ్లని రోజున, అంటే వారంలో నాలుగైదు రోజులు, మీరు ఖాళీ గూళ్లను మోస్తుంటారు. రికార్డు పుస్తకం పెడదామంటే డివైడర్లు అడ్డం. డివైడర్లు పీకేస్తే ఆకారం పోతుంది.

ఇన్సర్ట్ అంటే మందపాటి ఫోమ్ గోడలు, లోపల వెల్క్రోతో అతికే డివైడర్లు ఉన్న చిన్న పెట్టె. కెమెరా క్యూబ్ అని కూడా అమ్ముతారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా అది ఇంట్లో ఉంటుంది. శనివారం పొద్దున కెమెరాతో సహా ఎత్తి బ్యాగు అడుగున పెడతారు. సాయంత్రం తీసేస్తారు. ఒక బాడీ, రెండు చిన్న లెన్సులకు పాతిక సెంటీమీటర్ల పొడవున్న ఇన్సర్ట్ సరిపోతుంది. అయితే కొనే ముందు బ్యాగు లోతు చూసుకోవాలి. సన్నగా స్టైల్‌గా కనిపించే ఆఫీసు బ్యాగుల్లో లోపల పది సెంటీమీటర్ల లోతు కూడా ఉండదు. ల్యాప్‌టాప్ పెట్టాక కనీసం 13 సెంటీమీటర్లు మిగలాలి. లేకపోతే ఇన్సర్ట్ వెళ్లి స్క్రీన్ మీద ఒత్తుతుంది. కెమెరా గ్రిప్, లెన్సు అంచు లాంటి గట్టి మొనలు ఒకే చోట ఒత్తితే డిస్‌ప్లే మీద మచ్చ పడుతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. బ్యాగు కింద పడకుండానే స్క్రీన్ పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇన్సర్ట్‌కి కూడా డబ్బు పెట్టలేం అనుకునేవాళ్లకు ఒక చిట్కా: వేడి నిలిచేలా ఫోమ్ పెట్టి కుట్టిన టిఫిన్ బ్యాగులు దొరుకుతాయి చూడండి, అందులో ఒక ఫోమ్ ముక్క అడ్డం పెడితే కిట్ లెన్సు ఉన్న కెమెరాకు చక్కగా సరిపోతుంది. చూడ్డానికి నవ్వొస్తుంది కానీ దొంగకు కూడా అందులో పులిహోర ఉందనే అనిపిస్తుంది.

దుకాణంలో ఐదు నిమిషాలు

ఆన్‌లైన్‌లో తక్కువకు దొరుకుతుందన్నది నిజమే. అయినా మొదటిసారి కొనేవాళ్లు హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల దుకాణాల్లో ఒకసారి నాలుగైదు బ్యాగులు చేత్తో పట్టి చూడాలనేది మా మాట. ఫోటోలో కనిపించని విషయం ఒకటుంది, అదే అన్నిటికంటే ముఖ్యం: ల్యాప్‌టాప్ కంపార్ట్‌మెంట్ అడుగు.

మంచి బ్యాగులో ఆ కంపార్ట్‌మెంట్ బ్యాగు అడుగు దాకా రాదు. రెండు మూడు సెంటీమీటర్లు పైనే ఆగి, వేలాడుతున్నట్టు ఉంటుంది. బ్యాగును గబుక్కున నేల మీద పెట్టినా ల్యాప్‌టాప్ మూల నేలకు తగలదు. చవక బ్యాగుల్లో వీపు వైపు బోలెడు ఫోమ్ ఉంటుంది, అడుగున మాత్రం ఒట్టి గుడ్డే. ల్యాప్‌టాప్‌లు దెబ్బ తినేది ఎక్కువగా ఆ మూలల దగ్గరే. ఎలా తెలుసుకోవాలి అంటారా? కంపార్ట్‌మెంట్‌లోకి మీ ఫోనో ఒక మందపాటి పుస్తకమో జారవిడిచి, బ్యాగును మెల్లగా కౌంటర్ మీద పెట్టండి. లోపలి వస్తువు 'టక్' మని కౌంటర్‌కు తగిలితే ఆ బ్యాగు పక్కన పెట్టేయండి. రామప్ప గుడి కట్టినవాళ్లు పునాది కింద ఇసుక నింపి భూకంపం అదురు పైకి రాకుండా చూసుకున్నారని చదువుకున్నాం కదా. మనకు కావాల్సింది రెండు సెంటీమీటర్ల ఫోమ్, అంతే.

ఫోమ్‌ని బొటనవేలితో, చూపుడువేలితో గట్టిగా నొక్కి వదలండి. వేళ్లు ఒకదానికొకటి తగిలాయంటే అది ఒట్టి స్పాంజి. ఏడాదికి అప్పడం అవుతుంది. కాస్త ఎదురు తిరుగుతూ వెంటనే పైకి లేస్తే మంచి రకం.

తర్వాత జిప్పు. బ్యాగుల్లో ముందు చచ్చేది గుడ్డ కాదు, జిప్పే. రన్నర్ వెనక తరచుగా ఒక నంబరు ఉంటుంది. 5 అంటే మూసినప్పుడు పళ్ల వెడల్పు సుమారు 5 మిల్లీమీటర్లు. చిన్న పాకెట్లకు అది చాలు. సామానంతా ఆధారపడే పెద్ద జిప్పు మాత్రం 8 లేదా 10 ఉండాలి. జపాన్‌కు చెందిన వైకేకే జిప్పులకు మంచి పేరుంది. పేరును చూసి నకిలీలు కూడా వస్తాయి కాబట్టి అక్షరాల కంటే నడకను నమ్మండి. ఒక్క చేత్తో, రెండో చెయ్యి తగలకుండా, మూల చుట్టూ తిప్పి చూడండి. మూల దగ్గర పట్టేస్తే ఇంట్లోనూ పట్టేస్తుంది.

గుడ్డ గురించి 600డీ, 1000డీ, 1680డీ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. డీ అంటే డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. జంపఖానాలు నేసే కొత్తవాడ ఉన్న ఊళ్లో దారం లెక్కలు మనకు కొత్తేం కాదు. దారం లావుగా ఉన్నంత మాత్రాన నేత గట్టిదని కాదు కదా, ఇక్కడా అంతే. పాలిస్టర్ 1680 కంటే నైలాన్ 840 ఎక్కువ కాలం రావచ్చు. కాబట్టి రెండు బ్యాగులను పోల్చేటప్పుడు రెండూ ఒకే రకం దారమా కాదా చూడండి. గుడ్డను తిరగేసి లోపలి పూత కూడా చూడాలి. నీళ్లు ఆపేది ఆ పాలీయురేథేన్ పూతే. నాసిరకం పూత మన ఎండకు, తేమకు రెండు మూడేళ్లలో జిగురులా మారి పొట్టు రాలుతుంది. ఆ పొట్టు లెన్సు మౌంట్‌లో చేరితే వచ్చే తలనొప్పి వేరే చెప్పక్కర్లేదు.

చివరగా భుజం పట్టీలు. పట్టీ బ్యాగుకు కలిసే చోట కుట్టు ఒక్క వరసే ఉందా, లేక పెట్టె ఆకారంలో అడ్డంగా నిలువుగా కుట్టారా చూడండి. తెగేది అక్కడే. ఛాతీ దగ్గర రెండు పట్టీలను కలిపే చిన్న పట్టీ ఉంటే మంచిది. బండి నడిపేటప్పుడు పట్టీలు భుజాల మీంచి జారకుండా అదే ఆపుతుంది.

బండి మీద

ఇక్కడ చాలామంది బ్యాగుల జీవితం సగం బండి మీదే గడుస్తుంది కాబట్టి దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పుకోవాలి. విదేశీ రివ్యూల్లో ఈ ముచ్చటే ఉండదు. వాళ్లు బ్యాగును మెట్రోలో, విమానంలో, కొండల మీద పరీక్షిస్తారు. స్పీడ్ బ్రేకర్ మీద పరీక్షించరు.

స్కూటీ ఉన్నవాళ్లు బ్యాగును కాళ్ల దగ్గర ఫుట్‌బోర్డు మీద పెట్టేస్తారు. బరువు తెలియదు, హాయిగా ఉంటుంది. కానీ ప్రతి గుంత అదురూ నేరుగా సామానుకే తగులుతుంది. వానాకాలం ముందు చక్రం చిమ్మే బురద కూడా అక్కడికే వస్తుంది. బైకు వాళ్లు ట్యాంకు మీద పెట్టుకుంటారు, అది హ్యాండిల్ తిప్పనివ్వదు, ప్రమాదం. వీపు మీదే వేసుకోండి. మీ ఒళ్లే మంచి షాక్ అబ్జార్బర్. వెనక ఎవరూ కూర్చోకపోతే పట్టీలు కాస్త వదులు చేసి బ్యాగు అడుగు సీటుకు ఆనేలా చూసుకుంటే భుజాల మీద బరువు బాగా తగ్గుతుంది. అడుగున ఫోమ్ ఉండాలన్న మాటకు ఇది ఇంకో కారణం. హన్మకొండ నుంచి రామప్పకు 65 కిలోమీటర్ల పైనే. అంత దూరం బండి మీద వెళ్లొచ్చాక ఈ చిన్న సర్దుబాటు విలువ తెలుస్తుంది.

లోపల సర్దడం కూడా ముఖ్యమే. బరువైనది వీపుకు దగ్గరగా ఉండాలి. ల్యాప్‌టాప్ ఎలాగూ అక్కడే ఉంటుంది. కెమెరా ఇన్సర్ట్ అడుగున, దాని పైన తేలికైనవి. అడాప్టర్‌ను ముందు పాకెట్‌లో వేస్తే బ్యాగు వెనక్కి లాగుతుంది. దాన్ని ఇన్సర్ట్ పక్కన ఇరికించండి. పళ్లు పైకి ఉన్న ప్లగ్గు ల్యాప్‌టాప్ వైపు తిరగకుండా చూసుకోండి. రామప్ప అనుకున్నాం కాబట్టి ఇంకో మాట: ట్రైపాడ్ కట్టుకునే పట్టీలు ఉన్నాయా అని బ్యాగులో వెతికే ముందు, మీరు ట్రైపాడ్ ఎక్కడ వాడతారో ఆలోచించండి. రామప్ప, వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట లాంటి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా మోసుకెళ్తే ఆ రెండు కిలోలు ఊరికే అటూ ఇటూ తిరిగొస్తాయి.

వాన

'వాటర్ రెసిస్టెంట్', 'వాటర్‌ప్రూఫ్' ఒకటి కాదు. మొదటిదానికి అర్థం చినుకులు తట్టుకుంటుందని. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులై చివర్లో మన కాలనీలు నీట మునిగినప్పుడు పడినలాంటి వానకు గుడ్డ ఎంత గొప్పదైనా జిప్పుల దగ్గర, కుట్ల దగ్గర నీళ్లు దిగుతాయి. దాంతో వచ్చే రెయిన్ కవర్ మంచిదే కానీ అది ముందు వైపును మాత్రమే కప్పుతుంది. బండి మీద వాన వీపు మీంచి కారి, బ్యాగుకూ రెయిన్‌కోటుకూ మధ్య నుంచి లోపలికి పోతుంది. సరిగ్గా ఆ వైపే ల్యాప్‌టాప్ ఉంటుంది.

కాబట్టి కాపలా బయట కాదు, లోపల పెట్టండి. ల్యాప్‌టాప్‌కు ఒకటి, ఇన్సర్ట్‌కు ఒకటి మందపాటి పాలిథిన్ కవర్లు మడిచి బ్యాగు అడుగున జూన్ నుంచి అక్టోబరు దాకా ఉంచేయండి. మబ్బు పట్టగానే అందులో పెట్టి నోరు మడిచేయడమే. వేల రూపాయల 'ఆల్ వెదర్' బ్యాగు చేసే పని ఈ కవర్లు చేస్తాయి.

అసలు నష్టం వాన తర్వాత మొదలవుతుంది. తడిసిన బ్యాగును, అందులో కెమెరాను అలాగే గది మూలన పెట్టి రెండు వారాలు మర్చిపోతాం. ఫోమ్ తేమను పట్టి ఉంచుతుంది. చీకటి, తేమ, గాలి ఆడకపోవడం – లెన్సు గాజు మీద ఫంగస్ పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి? బ్యాగు మోయడానికి, దాచడానికి కాదు. ఇంటికి రాగానే కెమెరా తీసి, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. బ్యాగును జిప్పులన్నీ తెరిచి ఫ్యాను కింద ఆరబెట్టండి.

ఎండాకాలం గొడవ ఇంకో రకం. ఎక్కువ కెమెరాలకు కంపెనీలు చెప్పే పరిమితి 40 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర బయటే అంతకు మించి ఉంటుంది. నల్ల బ్యాగును ఎండలో బండి మీద వదిలితే లోపల ఇంకెంతో ఊహించుకోండి. దానికి తోడు కొన్ని విండోస్ ల్యాప్‌టాప్‌లు మూత మూసినా పూర్తిగా నిద్రపోవు. అప్‌డేట్ కోసమో ఇంకో దానికోసమో బ్యాగులోనే మేల్కొని, గాలి ఆడని చోట వేడెక్కుతాయి. బ్యాటరీకి అది మంచిది కాదు. బ్యాగులో పెట్టే ముందు స్లీప్ కాకుండా హైబర్నేట్ చేయండి లేదా షట్‌డౌన్ చేయండి. మూత మూస్తే హైబర్నేట్ అయ్యేలా సెట్టింగ్స్‌లో మార్చుకుంటే ఇక గుర్తుపెట్టుకునే పని లేదు.

రైల్లో, జాతరలో

కాజీపేట నుంచి సికింద్రాబాద్ సుమారు 130 కిలోమీటర్లు. శాతవాహన, గోల్కొండ, కృష్ణా, కాకతీయ – పేరేదైనా జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు దొరికితే అదృష్టం. అక్కడ బ్యాగు పైన ర్యాక్ మీద పెడితే కళ్లు మూతపడవు, ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఒళ్లోనే పెట్టుకోండి, లేదా నిలబడితే ఛాతీ వైపు వేసుకోండి.

ఇలాంటి చోట మామూలు బ్యాగుకు ఉన్న గొప్ప గుణం, అది మామూలుగా ఉండటం. కెమెరా కంపెనీ పేరు పెద్దగా కుట్టిన బ్యాగు, లోపల ఏముందో బోగీ అంతటికీ చెప్పేస్తుంది. ఫ్రీగా వచ్చింది కదా అని ఆ కంపెనీ స్ట్రాప్, ఆ బ్యాగు రెండూ వేసుకుని రద్దీలోకి వెళ్లకండి. సాదా బూడిద రంగు బ్యాగును ఎవరూ రెండోసారి చూడరు. 'యాంటీ థెఫ్ట్' అని అమ్మేవాటిలో నిజంగా పనికొచ్చేది ఒక్కటే: పెద్ద జిప్పు వీపు వైపు తెరుచుకునే తీరు. వేసుకుని ఉండగా ఇంకొకరు దాన్ని తెరవలేరు. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. మేడారం జాతరలో దుమ్ములో బ్యాగు కింద పెట్టాల్సి వస్తే ముందు వైపు నేలకు ఆనుతుంది. వీపుకు తగిలే వైపు శుభ్రంగా మిగులుతుంది. జంపన్న వాగు దగ్గర లెన్సు మార్చాలనుకుంటే బ్యాగు లోపల చేతులు పెట్టి మార్చండి. అసలు ఆ రోజుకి ఒక్క జూమ్ లెన్సు తగిలించుకుని వెళ్లడం ఇంకా మంచిది.

రైల్లో బ్యాగు పోతే 139కి ఫోన్ చేయొచ్చు. అప్పుడు అడిగేది సీరియల్ నంబర్లే. కెమెరా, లెన్సులు, ల్యాప్‌టాప్ – అన్నిటి సీరియల్ నంబర్లూ బిల్లులూ ఫోటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి. ఆ ఫోటోలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటే లాభం లేదు.

పెళ్లి షూట్లు చేసేవాళ్లకు

ముందు చెప్పినట్టు మీ లెక్క వేరు. సోనీ ఏ7 4 బాడీ 658 గ్రాములు, 24-70 జీఎం రెండో తరం 695, 70-200 జీఎం రెండో తరం 1,045. ఈ మూడే దాదాపు 2.4 కిలోలు. రెండో బాడీ, ఫ్లాష్, బ్యాటరీలు, ఎడిటింగ్ ల్యాప్‌టాప్, దాని అడాప్టర్ కలిపితే బ్యాగుతో సహా ఎనిమిది కిలోలు దాటుతుంది. దీనికి నడుము పట్టీ ఉన్న అసలైన కెమెరా బ్యాక్‌ప్యాక్ కావాలి. ఆ పట్టీ అలంకారానికి కాదు, బరువును భుజాల మీంచి నడుము ఎముకకు దించడానికి. తుంటి ఎముక పైన బిగించి కట్టుకుంటేనే పని చేస్తుంది. సన్నటి రిబ్బన్ లాంటి పట్టీ అయితే దండగ. ఇలాంటివాళ్లు రోజువారీ ఆఫీసుకు ఇదే బ్యాగు మోయాలని చూడొద్దు. వాళ్లకు రెండు బ్యాగులు వృథా ఖర్చు కాదు.

ఇంకో విషయం, నిజానికి ఈ మొత్తం వ్యాసంలో మేం గట్టిగా చెప్పాలనుకున్నది. బ్యాగులో అన్నిటికంటే విలువైనది కెమెరా కాదు, వేలిగోరంత మెమరీ కార్డు. కెమెరా పోతే ఇన్సూరెన్స్ ఉంటే వస్తుంది, లేకపోతే అప్పు చేసి కొంటాం. జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం. అప్పగింతల్లో ఆ తల్లి ఏడుపు మళ్లీ రాదు. కాబట్టి షూట్ అయిపోయాక కార్డులు బ్యాగులో ప్రయాణం చేయకూడదు. చిన్న గట్టి కేసులో వేసి ప్యాంటు లోపలి జేబులో పెట్టుకోండి. రెండు కార్డుల స్లాట్లు ఉన్న కెమెరా అయితే రెండింటిలోనూ ఒకేసారి రికార్డ్ చేసి, ఒకటి అసిస్టెంట్ దగ్గర, ఒకటి మీ దగ్గర. ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాం కదా అని కార్డు ఫార్మాట్ చేసి, ఆ ల్యాప్‌టాప్‌నూ హార్డ్ డిస్క్‌నూ ఒకే బ్యాగులో పెడితే అది బ్యాకప్ కాదు. బ్యాగు పోయినా పెళ్లి పోకూడదు.

డబ్బు సంగతి

పీక్ డిజైన్ ఎవ్రీడే బ్యాక్‌ప్యాక్ గురించి యూట్యూబ్‌లో చూసి ఆశపడేవాళ్లు చాలామంది. మంచి బ్యాగే, సందేహం లేదు. అమెరికాలోనే 250 డాలర్ల పైన. మన దగ్గర ఆ డబ్బుతో బ్యాగు, ఇన్సర్ట్ కొన్నాక 50 ఎంఎం లెన్సు కూడా వస్తుంది. అమెజాన్ బేసిక్స్ అదే 'ఎవ్రీడే స్లింగ్' పేరుతో, దాదాపు అదే ఆకారంతో మూడో వంతు ధరకు ఒక స్లింగ్ బ్యాగు తెస్తే, 2021లో పీక్ డిజైన్ దాన్ని ఆటపట్టిస్తూ వీడియో చేసింది. ఆకారం ఎవరైనా దించేస్తారు. జిప్పు, కుట్టు, అడుగు ఫోమ్ – తేడా ఉండేది వీటిలోనే, అందుకే పైన వాటి గురించి అంత చెప్పాం.

మన వాడకానికి వైల్డ్‌క్రాఫ్ట్, స్కైబ్యాగ్స్, సఫారీ, అమెరికన్ టూరిస్టర్ లాంటివాటి ల్యాప్‌టాప్ మోడళ్లలో పై పరీక్షలు పాసయ్యేవి దొరుకుతాయి, ఫెయిలయ్యేవీ దొరుకుతాయి. బ్రాండ్ ఒకటే అయినా మోడల్‌ను బట్టి అడుగు ఫోమ్ ఉండొచ్చు, లేకపోవచ్చు. అందుకే ఫలానా మోడల్ కొనండి అని చెప్పడం లేదు. ఇన్సర్ట్‌తో కలిపి మూడు నుంచి నాలుగు వేలు అనుకుని బయల్దేరండి. అంతకంటే తక్కువలో దొరికితే జిప్పు ఇంకోసారి చూడండి. వారంటీ ఉన్నది కొంటే బిల్లు దాచుకోండి. చాలా వారంటీలు కుట్టు, జిప్పు లోపాలకే గానీ అరుగుదలకు వర్తించవు.

వారంటీ అయిపోయాక జిప్పు విడిపోతే బ్యాగు పారేయకండి. పళ్లు బాగున్నా మూసుకోవడం లేదంటే అరిగింది రన్నర్ ఒక్కటే. బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర చాయ్ తాగేలోపు మార్చి ఇస్తారు. పట్టీ కుట్టు ఊడినా అక్కడే, కాకపోతే లావు నైలాన్ దారంతో రెండు వరసలు వేయమని అడగండి. నెలకోసారి బ్యాగు మొత్తం ఖాళీ చేసి, తలకిందులు చేసి దులపండి. ఇసుక, బిస్కెట్ పొడి, టోల్ రసీదులతో పాటు పోయిందనుకున్న లెన్సు క్యాప్ కూడా అందులోంచే పడుతుంది.